బంగారు పొర సీడీ-ఆర్, వెండి పొర సీడీ-ఆర్: పాటలు దాచడానికి ఏది నమ్మదగినది?

పాత క్యాసెట్లలో మిగిలిన నాయనమ్మ మంగళహారతులనో, ఊరి గుడిలో రికార్డు చేసిన హరికథనో, ఒక్కసారే రికార్డు చేసుకోగల ఖాళీ సీడీ అయిన సీడీ-ఆర్‌లోకి మార్చదలచినవారు ముందుగా గమనించవలసింది పెట్టె మీది బొమ్మను కాదు, డిస్కు లోపల పాట నమోదయ్యే రంగు పదార్థాన్నీ, దాని వెనుకనున్న లోహపు పొరనూ.

సాధారణంగా దొరికే డిస్కులలో ఉండేది వెండి పొర. అది కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది, ధర కూడా తక్కువే. అయితే పైనున్న పలుచని రక్షణ పూత గీసుకుపోయి తేమ, గంధకపు ఆవిరులు లోపలికి చేరితే, ఇంట్లో వెండి కుంకుమభరిణ నల్లబడినట్లే ఆ పొరా నల్లబడుతుంది. అక్కడ లేజరు కిరణం సరిగా తిరిగి రాక పాట తెగిపోతుంది. బంగారానికి ఆ బాధ లేదు. పైగా బంగారు డిస్కులలో ఎక్కువగా వాడే థాలోసయనిన్ అనే రంగు పదార్థం, సయనిన్ అనే మరో రంగు కంటే వెలుతురును బాగా తట్టుకుంటుంది.

అలాగని వెండి డిస్కులన్నీ నాసిరకమనడం అన్యాయం. జపానుకు చెందిన తైయో యుడెన్ సంస్థ వెండి డిస్కులలో సయనిన్‌తోనే ఎంతో మంచి పేరు తెచ్చుకుంది. ఆ తయారీ 2015తో ఆగిపోయింది కనుక, నేడు ఆ పేరుతో అమ్మే సరుకును జాగ్రత్తగా పరిశీలించాలి.

కారులో వినడానికి వెండి డిస్కు చాలు. మళ్లీ దొరకని గొంతుకు మాత్రం ఖర్చెక్కువైనా బంగారు డిస్కునే నేను ఎంచుకుంటాను; రెండు ప్రతులు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచుతాను. ఏ డిస్కుపైనా బాల్‌పెన్నుతో రాయకూడదు, ఎందుకంటే లోహపు పొర ఉన్నది ఆ పైభాగానికి అతి దగ్గరగానే.