గదికి భేష్, ఆరుబయటికి వద్దు: ఎస్‌సీడీ41 కార్బన్ డయాక్సైడ్ సెన్సార్

సెన్సీరియన్ కంపెనీ వారి ఎస్‌సీడీ41 చొక్కా గుండీ అంత ఉంటుంది, పది మిల్లీమీటర్ల చదరం. పరారుణ కాంతిని వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే లోపలి కార్బన్ డయాక్సైడ్ దాన్ని పీల్చుకుని వేడెక్కి, అదే లయలో ఉబ్బి తగ్గుతుంది. ఆ చప్పుడును బుల్లి మైక్రోఫోన్ వింటుంది. వినికిడి మీద నడిచేది కాబట్టి ఫ్యాన్ పక్కనో, అదిరే పెట్టెకో బిగించకండి.

మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడే ఐ2సీ తీగలు కలపడం పెద్ద పనేం కాదు. తిప్పలంతా కరెంటుతోనే. సగటు వాడకం తక్కువే, కానీ కాంతి వెలిగే క్షణంలో 3.3 వోల్టుల దగ్గర 200 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ నీరసంగా ఉంటే రీడింగులు గెంతుతాయి, తిట్లు మాత్రం సెన్సార్‌కు పడతాయి.

అసలు చిక్కు ఆటో కాలిబ్రేషన్, అంటే సెన్సార్ తన అంకెలను తనే సరిదిద్దుకోవడం. ఇది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. వారానికి ఒక్కసారైనా 400 పీపీఎం (పది లక్షల్లో 400 వంతులు) కార్బన్ డయాక్సైడ్ ఉన్న స్వచ్ఛమైన గాలి తగులుతుందని నమ్ముకుంటుంది. ఎప్పుడూ మూసి ఉండే గదిలో 600 కన్నా దిగకపోతే, ఆ 600నే 400గా లెక్కేసుకుంటుంది. అక్కణ్ణుంచి ప్రతి అంకె తక్కువే. అలాంటి చోట ఆటో కాలిబ్రేషన్‌ను ఆపేసి చేత్తో కాలిబ్రేట్ చేయడమే మేలు: వాడబోయే మోడ్‌లోనే బయటి గాలిలో మూడు నిమిషాలకు పైగా నడపాలి, కొలత ఆపి అర సెకను ఆగాలి, అప్పుడు ఆ గాలి విలువతో ఫోర్స్‌డ్ రీకాలిబ్రేషన్ (బలవంతంగా సరిదిద్దే) కమాండ్ పంపాలి. జవాబు ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ అని వస్తే విఫలమైనట్టే. ఊపిరి తగలనివ్వకండి, మనం వదిలే గాలిలో 40,000 పీపీఎం దాకా ఉంటుంది.

ఉష్ణోగ్రత ఆఫ్‌సెట్, అంటే కొలిచిన ఉష్ణోగ్రత నుంచి తీసేసే అంకె, 4 డిగ్రీలతో వస్తుంది. పెట్టెను బట్టి మార్చుకోవాలి, దానితో కార్బన్ డయాక్సైడ్ అంకె మారదు. ఎత్తైన ఊళ్లలో వాడేవాళ్లు మాత్రం సముద్రమట్టం నుంచి ఎత్తును సెట్టింగుల్లో తప్పక నింపాలి.

గదిలో 450 నుంచి 1500కి ఎక్కడాన్ని ఇది చక్కగా పట్టేస్తుంది. కిటికీ ఎప్పుడు తెరవాలో తేల్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? మేడ మీద వేలాడదీసి వాతావరణ మార్పును కొలుస్తామంటేనే కుదరదు. బయటి గాలి దగ్గర దీని తేడా అటూ ఇటూ దాదాపు 60 పీపీఎం. భూమి మీద ఏటా పెరిగేది రెండు మూడు పీపీఎం. ఇరవై ఏళ్ల పెరుగుదల ఆ తేడాలోనే మునిగిపోతుంది.

ఒక్క హెచ్చరిక. మార్చిన సెట్టింగులు కరెంటు పోయినా నిలవాలంటే వాటిని మెమరీలో భద్రపరిచే పర్సిస్ట్ కమాండ్ ఇవ్వాలి. ఆ మెమరీకి హామీ 2,000 రాతలకే. ఆ కమాండ్‌ను పదేపదే తిరిగే లూప్‌లో పెట్టారో, ఆ 2,000 ఒక్క పూటలో అయిపోతాయి.