డబ్బా మీద నంబరు చూశారా? హార్నెట్‌తో నా పదకొండేళ్లు

తోటి ఉద్యోగి ఇల్లు మారుతూ అటక ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. అక్కడ బూజు పట్టిన అట్టపెట్టెలో నా మొదటి హార్నెట్ దొరికింది. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1984లో అమ్మకానికి తెచ్చిన, మనమే బిగించుకోవాల్సిన రిమోట్ కారు కిట్ అది. చిన్నప్పుడు ఆడుకుని వదిలేశాడట. ఎనభై పౌండ్లిచ్చి తెచ్చుకున్నాను. కంపెనీ ఇదే కారును 2004లో మళ్లీ విడుదల చేసింది. కొన్నాళ్లకు అదీ కొన్నాను. ఇంగ్లండ్‌లోని మా ఇంట్లో ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయి. మధ్యలో కొని అమ్మేసినవి ఇంకో అరడజను.

కారుగా హార్నెట్ గొప్పదేమీ కాదు. వెనక ఇరుసు బిగుసుకుని ఉంటుంది, కాస్త గతుకు తగిలినా కుందేలులా గెంతుతుంది. ముందువైపు సస్పెన్షన్‌లో స్ప్రింగులే తప్ప ఆయిల్ లేదు. అయితే దొర్లినా పడినా విరగదు, పాడైతే బాగుచెయ్యడం తేలిక. నడిపే సరదాకి నూటికి ఎనభై మార్కులు వేస్తాను. ధర కట్టాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు.

మొదటి పాఠం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. '1984 నాటి అసలు కారు, డబ్బాతో సహా' అని ఒకాయన ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఫొటోలో డబ్బా ఒక మూల కనబడకుండా కోసేసి ఉంది. నేను పట్టించుకోలేదు. పార్శిల్ విప్పితే డబ్బా మీద 58336 అని ఉంది. అంటే 2004 నాటిది. అసలు హార్నెట్ నంబరు 58045. కారు కింద ఛాసిస్ మాత్రం నేలకు రాసుకుని రాసుకుని అరిగిపోయి ఉంది, బాడీ మీద గీత కూడా లేదు. పాత అడుగుకి కొత్త బాడీ తొడిగాడన్నమాట. అడిగితే జవాబు లేదు.

ప్లాస్టిక్ మీద అచ్చు పడిన సంవత్సరాన్ని నమ్మకండి. అది అచ్చు తయారైన ఏడాదిని చెబుతుంది. అదే అచ్చులో నిన్న పోసిన ముక్క మీద కూడా పాత ఏడాదే ఉండొచ్చు. కారు ఎంత నడిచిందో తెలియాలంటే తిరగేసి ఛాసిస్ కింద ముక్కు భాగం చూడండి. స్క్రూ రంధ్రాలు వదులైతే ఎన్నోసార్లు విప్పి బిగించారని అర్థం.

ఇక బాడీ. హార్నెట్ బాడీ పాలికార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్, రంగు లోపలివైపు నుంచి వేస్తారు. పైన గీతలు పడితే మళ్లీ రంగు వేసి కప్పిపుచ్చలేం. అందుకే రంగు వెయ్యని, కత్తిరించని బాడీకి విలువ ఎక్కువ. స్టిక్కర్ షీటు కూడా అంతే, ఒక్క స్టిక్కరు పీకినా ధర దిగుతుంది. పాత మెకానికల్ స్పీడ్ కంట్రోల్ నడపడానికి నరకం, వేడెక్కిపోతుంది. నేను పీకేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టాను. అయినా పాతదాన్ని చిన్న కవర్లో దాచాను. కలెక్టర్లు దాన్ని కూడా అడుగుతారు. కొనేవాళ్లకి అసలుకన్నా కొసరే ముద్దు!

టైర్ల విషయంలో ఒక తప్పు చేశాను. ఏడాదంతా కారును షెల్ఫ్ మీద టైర్లపైనే నిలబెట్టాను. అడుగున చదునైపోయాయి, పక్కల పగుళ్లు వచ్చాయి. ఇప్పుడు ఛాసిస్ కింద చెక్కదిమ్మ పెట్టి చక్రాలు గాల్లో ఉంచుతున్నాను. రబ్బరును ప్లాస్టిక్‌కు ఆనించి ఏళ్లతరబడి దాచినా ముప్పే, రబ్బరులోని రసాయనం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

కంపెనీ మళ్లీ ఎప్పుడు విడుదల చేస్తుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. టమియా రిమోట్ కార్లలోనే 1979 నాటి శాండ్ స్కార్చర్ 2010లో తిరిగొచ్చింది, 1985 నాటి బ్రూజర్ 2012లో. కొత్తవి దొరికితే ఆడుకుని పాతబడిన కార్లకు గిరాకీ తగ్గుతుంది. నా అనుభవంలో సీలు తియ్యని మొదటి విడత కిట్‌కు మాత్రం ఆ బెడద తక్కువ. ధర చూసేటప్పుడు అమ్మేవాళ్లు అడిగే అంకె చూడకండి, నిజంగా అమ్ముడైన అంకె చూడండి. రెండింటికీ మధ్య తేడా చూసి చాలాసార్లు నవ్వొచ్చింది.

కొనదలిస్తే? నడపడానికైతే 2004ది కొనండి, మా అమ్మాయి దాన్ని పార్కులో దొర్లిస్తుంటే నాకు టెన్షన్ లేదు. దాచుకోవడానికైతే డబ్బా, మాన్యువల్, స్టిక్కర్లు అన్నీ ఉన్నదాని కోసం ఆగండి.

గత నెల ఒకాయన నా అటక హార్నెట్‌కి రెండొందల పౌండ్లు ఇస్తానన్నాడు. అసలు డబ్బా ఉందా అని అడిగాడు. లేదన్నాను. వెంటనే నూట ఇరవైకి దిగాడు. అమ్మలేదు.