జాగ్రత్త: గువ్వల వేటకూ, క్లే షూటింగ్‌కూ లీవర్ షాట్‌గన్ కొనబోతున్నారా?

టెక్సస్‌లో గువ్వల సీజన్ దగ్గరపడుతోందంటే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తుపాకుల ఫొటోలు మొదలవుతాయి. ఈమధ్య వాటిలో లీవర్ యాక్షన్ షాట్‌గన్‌లు, అంటే ట్రిగ్గర్ దగ్గరున్న లీవర్‌ని కిందికి తిప్పి తూటా (షెల్) మార్చేవి, ఎక్కువగా కనిపిస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఆ లీవర్ చప్పుడు వింటేనే చెయ్యి పర్సు మీదకు పోతుంది. నేను కొన్న 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు) లీవర్ తుపాకితో పడ్డ తిప్పలు చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. ఈ రకం తుపాకులు ఒకే ఫ్యాక్టరీలో తయారై వేరువేరు పేర్లతో అమ్ముడవుతుంటాయి, అందుకని పేరు చూసి లాభం లేదు. చేతిలోకి తీసుకుని పరీక్షించాల్సిందే.

షాపులో కౌంటర్ వెనక ఉన్నాయన మూడు మాటలు గట్టిగా చెప్పాడు. పంప్ (ముందున్న పిడిని వెనక్కి ముందుకి లాగి షెల్ మార్చే తుపాకి) కన్నా వేగంగా తిరుగుతుందన్నాడు. ఏ షెల్ వేసినా ఆడుతుందన్నాడు. వేటకు కావలసిన ప్లగ్ (ఎక్కువ షెల్స్ పట్టకుండా లోపల పెట్టే అడ్డు) లోపలే ఉందన్నాడు. మూడూ అబద్ధాలే.

ముందు ప్లగ్ సంగతి, ఎందుకంటే ఇది కేసు దాకా పోయే విషయం. గువ్వలు, బాతుల్లాంటి వలస పక్షుల వేటలో షాట్‌గన్‌లో మొత్తం మూడు షెల్స్‌కి మించి పట్టకూడదని అమెరికా ఫెడరల్ నిబంధన. షెల్ పేలే చోటైన చాంబర్‌లో ఒకటి, మిగతావి వరసగా పట్టే ట్యూబ్‌లో రెండు, అంతే. అంతకన్నా ఎక్కువ పట్టే తుపాకి అయితే ట్యూబ్‌లో ఒకే ముక్కగా ప్లగ్ ఉండాలి, తుపాకి విప్పకుండా అది బయటికి రాకూడదు. మీరు మూడే వేశానని చెప్పినా కుదరదు, నాలుగోది పడితే తప్పే. వేట నిబంధనలు చూసే అధికారి, గేమ్ వార్డెన్, పొలంలోకి వచ్చి ట్యూబ్‌లోకి షెల్స్ తోసి చూస్తాడు. ఇంటికి తెచ్చాక డమ్మీ (పేలని) షెల్స్ వేస్తే నా తుపాకి ట్యూబ్‌లోకి ఐదు దర్జాగా వెళ్లాయి. షాపుకి ఫోన్ చేస్తే, కర్రముక్క కోసి పెట్టుకోండి అని సలహా. పంప్ తుపాకి అయితే అది నిజంగా ఐదు నిమిషాల పని, ముందున్న మూత తిప్పి స్ప్రింగ్ లోపల కర్ర పెట్టేయొచ్చు. పైగా చాలా పంప్ తుపాకులకు ప్లగ్ కొత్త పెట్టెలోనే వస్తుంది. దీనికి ట్యూబ్ విప్పడానికే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి పోవాల్సి వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1887 నాటి వించెస్టర్ కంపెనీ లీవర్ డిజైన్‌నీ, దాని నకళ్లనీ కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. వాటిలో ట్యూబ్‌లో పట్టేవి కాకుండా, షెల్‌ని పైకి ఎత్తే క్యారియర్ మీద ఇంకొకటి పెట్టుకోవచ్చు. అంటే ట్యూబ్‌ని రెండింటికి కుదించినా లెక్క నాలుగవుతుంది. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తట్టదు.

ఇక షెల్స్. క్లే (గాల్లోకి విసిరే మట్టి పలకలు) కొట్టేవాళ్లు చవకగా దొరికే వంద షెల్స్ ప్యాక్ కొంటారు. వాటిలో కొన్నింటికి అడుగున ఇత్తడిలా మెరిసేది నిజానికి ఇనుము. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటుంది. పేల్చాక అది కొంచెం ఉబ్బి చాంబర్‌లో బిగుసుకుంటుంది. నా తుపాకిలో అలా బిగుసుకున్న షెల్‌ని లీవర్‌తో లాగాలంటే వేళ్లు నొప్పి పుట్టేవి. ఒక్కోసారి తుపాకి భుజం మీంచి దించి, మోకాలికి ఆన్చి లాగాల్సి వచ్చింది. ఇంకా టెన్షన్ పెట్టేది రెండోది: లీవర్ చివరిదాకా తొయ్యకపోతే పాత షెల్ బయటికి పోతుంది కానీ కొత్తది సగంలో ఆగిపోతుంది. వెనక్కి లాగితే దాని వెనక ఇంకొకటి వచ్చి రెండూ ఇరుక్కుంటాయి. రేంజిలో లైన్ మీద నిలబడి, లోపల నిండు షెల్ ఇరుక్కున్న తుపాకి మూతిని నేలవైపు పట్టుకుని వేలితో కెలకడం ఎవరికీ మంచిది కాదు. పక్కనున్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరుగుతారు, వాళ్లనేమీ అనలేం.

వేగం సంగతికొస్తే, కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. పంప్‌లో ఎడమచెయ్యి వెనక్కి ముందుకి ఆడుతుంది, కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉంటుంది. లీవర్‌లో ట్రిగ్గర్ మీదున్న చెయ్యే కిందికి పోయి తిరిగి రావాలి. ఆ ఊపుకి తుపాకి మూతి కిందికి వాలుతుంది, చెంప తుపాకి వెనకవైపు కట్టె మీంచి లేస్తుంది. క్లే పోటీల్లో ట్రాప్ అనేదాంట్లో సాధారణంగా ఒక్కొక్క పలకే వస్తుంది కాబట్టి ఎలాగో నడుస్తుంది. స్కీట్ అనే పోటీలో జంట పలకలొచ్చే స్టేషన్లలో, స్పోర్టింగ్ క్లే అనే ఇంకో పోటీలో మాత్రం రెండో పలక మీద ఆశ వదులుకోవాలి. వేటలో ఇంకో ఇబ్బంది. గువ్వల కోసం మనం బకెట్ మీదో, మడత కుర్చీ మీదో కూర్చుంటాం కదా, లీవర్ కిందికి తిప్పితే తొడకి తగులుతుంది. నేనైతే లేచి నిలబడేలోపు రెండో పిట్ట పక్క కౌంటీకి చేరేది.

ఎయిమ్ చేసే తీరు కూడా తేడా. ఎగిరే పలకని కొట్టేవాడు చూపు పలక మీద పెడతాడు, మూతి మీదున్న చిన్న పూసని ఓరకంటితో గమనిస్తాడంతే. ఈ 12 గేజ్ లీవర్ తుపాకులు కొన్నింటికి రైఫిల్‌లా గురి చూసే సైటు వెనకొకటి, ముందొకటి పెట్టి అమ్ముతున్నారు. ఆ రెంటినీ కలిపి చూసేసరికి పలక వెళ్లిపోతుంది. పంది వేటకు స్లగ్ (ఒకే పెద్ద గుండు ఉన్న షెల్) వేసి కొట్టేవాళ్లకు అవి పనికొస్తాయేమో.

12 గేజ్ వద్దు, పేరున్న 410 బోర్ (12 గేజ్ కన్నా సన్నని గొట్టం) లీవర్ తీసుకుంటాం అనేవాళ్లకు: అవి సాఫీగా తిరుగుతాయి, ఇరుక్కోవు, ఆ మాట నిజం. కానీ చాలావాటి చాంబర్ రెండున్నర అంగుళాలే. ఆ షెల్‌లో పట్టేది సాధారణంగా అర ఔన్స్ సీసం, 8వ నంబర్ పెల్లెట్లయితే సుమారు 200. అదే 12 గేజ్‌లో మామూలు ఒక ఔన్స్ షెల్‌లో 400 పైనే ఉంటాయి. స్కీట్‌లో దగ్గర పలకలకి సరిపోతుంది, అక్కడ 410కి ప్రత్యేక పోటీలే ఉన్నాయి. ట్రాప్‌లో అది కొత్తవాడికి చాలదు, గాలికి ఎత్తున పోయే గువ్వనైతే గాయపరచి వదిలెయ్యడానికే పనికొస్తుంది. మరొక ప్రమాదం: మూడంగుళాల 410 షెల్ ఆ రెండున్నర అంగుళాల చాంబర్‌లోకి దూరిపోవచ్చు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగిపోతుంది. షెల్ దూరింది కాబట్టి సరిపోయిందని అనుకోవద్దు. గొట్టం మీద ఏం చెక్కి ఉందో చదవండి.

గన్ షోల్లో అసలు 1887 వించెస్టర్ కనిపిస్తే గోడకి పెట్టుకోవడానికి కొనండి. అది పాత నల్ల తుపాకిమందు కాలం నాటిది, 12 గేజ్ చాంబర్ 2 5/8 అంగుళాలు, ఇప్పటి షెల్ 2 3/4. అందులో ఇప్పటి తుపాకిమందు షెల్స్ పేల్చకూడదు. తమాషా ఏమిటంటే, ఆ డిజైన్ గీసిన జాన్ బ్రౌనింగే పంప్ అయితే మేలని చెప్పాడట. లీవర్ రైఫిళ్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ కాబట్టి వించెస్టర్ లీవరే కావాలంది. కొన్నేళ్లకే అదే బ్రౌనింగ్ చేత పంప్ చేయించుకుంది కూడా.

మరి వీడియోల్లో అంత పొగుడుతున్నారేమిటి అంటారా? అవి ఎక్కడ తీసినవో చూడండి, చాలావరకు ఆస్ట్రేలియావి. అక్కడ 1996 తర్వాత పంప్, సెమీ ఆటో (తనంతట తానే షెల్ మార్చుకునే) షాట్‌గన్‌లు మామూలు లైసెన్స్‌కి దొరకవు. లీవర్‌కి ఆ అడ్డు లేకపోవడంతో అటు మళ్లారు. ఏడు షెల్స్ పట్టే తుర్కియే తయారీ మోడల్ మీద 2015లో పెద్ద గొడవై, దిగుమతే ఆపేశారు. వాళ్లకి దొరికినదాంట్లో అది మేలు. మనకి పక్క అరలోనే అంతకన్నా తక్కువ ధరకి మంచి పంప్ ఉంటుంది, ఏ గేజ్ కావాలంటే ఆ గేజ్‌లో.

వీసా మీద ఉన్న తమ్ముళ్లు ఇది మాత్రం దాటవేయకండి. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, మనవాళ్లు చాలామంది దాని మీదే కొంటున్నారు. అయితే టెక్సస్ లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. చాలాచోట్ల సెప్టెంబర్ 1న సీజన్ మొదలవుతుంది కదా అని తీరిగ్గా కొత్తది తీసుకుందామనుకుంటే, ఈలోపు అల్మారాలో ఉన్న తుపాకి మిమ్మల్ని నేరస్థుణ్ణి చేస్తుంది. తుపాకి కొనేటప్పుడు షాపులో నింపే ఫారం 4473లో తెలిసి తప్పు సమాధానం రాసినా అంతే. తుపాకి కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా వెనక్కి పంపెయ్యొచ్చు. సందేహముంటే షాపువాణ్ణి అడగొద్దు, లాయర్‌ని అడగండి.

ఆ 4473 మీద సంతకానికి ముందే మీ పట్టు ఉంటుంది. ఒకసారి తుపాకి మీ పేరున చేతికిచ్చాక చాలా షాపులు వాపసు తీసుకోవు, తీసుకున్నా వాడిన తుపాకి ధరే ఇస్తాయి. నాకూ అదే చెప్పారు. అందుకని డమ్మీ షెల్స్ జేబులో వేసుకెళ్లండి, అనుమతి అడిగి ట్యూబ్ నింపి, మెల్లగా ఒకసారి, జోరుగా ఒకసారి తిప్పి చూడండి. ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టండి. ప్లగ్ ఉందంటే చూపించమనండి. కుర్చీలో కూర్చుని తిప్పనివ్వమంటే నవ్వుతారు, నవ్వనివ్వండి. వారంటీ షరతులు అక్కడే చదవండి. నా వారంటీతో షాపుకి సంబంధం లేదట, దిగుమతి చేసుకున్నవాళ్లకి నేనే నా ఖర్చుతో పంపాలట.

పంపాను. అవతలివాళ్లు ముందు ఖరీదైన షెల్స్ వాడి చూడండన్నారు, తర్వాత క్యారియర్ మారుస్తామన్నారు. తుపాకి ఇంకా తిరిగి రాలేదు. వచ్చాక చవక షెల్స్‌తో కూడా సరిగ్గా ఆడితే ఆ సంగతీ రాస్తాను. ఈ సీజన్‌కి మాత్రం పాత సెకండ్‌హ్యాండ్ పంప్‌తోనే వెళ్తున్నాను.