స్టెంట్ వేశాక మిగిలిన భయానికి ఎక్కడికెళ్ళాలి? సూర్యారావుపేటలో ఒక రిహాబ్ సెంటర్ గురించి

విజయవాడ సూర్యారావుపేటలో గుండె డాక్టర్లకి కొదవ లేదు. ఏ సందులో నిలబడ్డా బోర్డుల్లో సగం ఆసుపత్రులవే, మిగతా సగం ల్యాబులవీ మందుల షాపులవీ. స్టెంట్ వేసే చోట్లు బోలెడు. వేయించుకుని ఇంటికొచ్చి వణికిపోతున్న మనిషిని కూర్చోబెట్టి మాట్లాడే చోటు కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. అలాంటి ఒక కార్డియాక్ రిహాబ్ సెంటర్‌కి, అంటే గుండె జబ్బు తర్వాత కోలుకోవడానికి వ్యాయామం, కౌన్సెలింగ్ ఇచ్చే చోటుకి, వేసవి అంతా వెళ్ళాను. ఈ రివ్యూ దాని గురించే. పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవీ తిట్టాల్సినవీ రెండూ ఉన్నాయి, తిట్టినవి చదివి అక్కడి పిల్లల ఉద్యోగాల మీదికి వస్తుందేమోనని నా బెంగ. ఇలాంటి చోటు వెతుక్కునేటప్పుడు ఏం చూసుకోవాలో మీకు తెలిస్తే చాలు.

నాకు 52 ఏళ్ళు. సత్యనారాయణపురంలో జాకెట్లు కుట్టే షాపు నడుపుతాను. మిషన్ల మీద ఇద్దరు అమ్మాయిలుంటారు, కటింగ్ మాత్రం నాదే. ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చింది. మణికట్టు దగ్గర నుంచే సన్నటి గొట్టం పంపి, రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే స్టెంట్ ఒకటి వేశారు. వారం తిరక్కుండానే ఇంట్లో ఉన్నాను. "పంపింగ్ బాగుందమ్మా, ఇక ఫర్వాలేదు" అన్నారు. డిశ్చార్జి కాగితంలో మందులు రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు. భయమేస్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

ఆ భయం ఎలా ఉంటుందో కొంచెం వివరంగానే రాస్తాను. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలాగే ఉండి పైకి చెప్పకపోవచ్చు. బాత్రూమ్ గడియ వేసుకోలేకపోయేదాన్ని, లోపల పడిపోతే తలుపు పగలగొట్టాలి కదా అని. మావారు బయట నిలబడి "ఏమే, ఉన్నావా?" అని అడుగుతూ ఉండేవారు. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది, లేచి కూర్చునేదాన్ని. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సిమీటర్ మా అబ్బాయి కొనిచ్చాడు, దాన్ని వేలికి పెట్టుకోవడం, తియ్యడం, అదే ఒక పనైపోయింది. 96 చూపిస్తే 98 వచ్చేదాకా పెడుతూనే ఉండేదాన్ని. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. దాని వెనకే కోపం, అదీ పరామర్శకి వచ్చినవాళ్ళ మీద. మనవాళ్ళు యాపిల్స్‌తో పాటు ఒక చావు కబురు కూడా పట్టుకొస్తారు. "మా తోడికోడలి అన్నగారికీ ఇంతే వదినా, స్టెంట్ వేశారు, శుభ్రంగా తిరిగాడు, నెల తిరక్కుండా..." అని నా మొహం చూసి అక్కడ ఆపేస్తారు. ఆపకుండా చెప్పేసినా నయమే. ఇంకొందరు "ఆడవాళ్ళకి కూడా వస్తుందా?" అంటారు. వచ్చిందిగా, ఎదురుగానే ఉన్నాను.

ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందించేవారు. కత్తెర ముట్టుకోనివ్వలేదు. అంతా ప్రేమే, కాదనను. కానీ రోజంతా కుర్చీలో కూర్చుని చుట్టూ అందరూ పని చేస్తుంటే చూస్తూ ఉండండి, ఇక నేనెందుకు అనే ఆలోచన దానంతటదే వస్తుంది.

మళ్ళీ డాక్టర్‌కి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, కూర్చున్నచోటే గాలి చాలడం లేదని చెప్పాను. ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయి. అప్పుడు డాక్టర్ గారు మందుల చీటీ చూసి, టికాగ్రెలార్ అనే బిళ్ళ దగ్గర ఆగారు. అది వేసుకునేవాళ్ళలో కొందరికి ఆయాసం వస్తుందట. దాని మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో వందకి 14 మంది దాకా ఆ మాట చెప్పారట. నాకు దాని బదులు క్లోపిడోగ్రెల్ రాశారు. ఇది చదివి మీరు సొంతంగా బిళ్ళ ఆపకండి. కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసేది ఆ మందే, ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మార్చాలంటే డాక్టరే మార్చాలి. మందు మార్చాక ఆయాసం సగం తగ్గింది. మిగతా సగం కోసం ఆయన రిహాబ్‌కి రాసిచ్చారు.

సెంటర్ ఉన్నది రెండో అంతస్తులో. మొదటి రోజే లిఫ్ట్ పనిచెయ్యలేదు. గుండె జబ్బువాళ్ళు వచ్చే బిల్డింగ్‌లో లిఫ్ట్ ఆగిపోతే వాచ్‌మన్ "మెల్లగా ఎక్కండమ్మా" అన్నాడు. మావారి చెయ్యి పట్టుకుని ఎక్కాను. ఆ తర్వాత కూడా అది మొరాయించడం చూశాను. ఫీజు అంత తీసుకుంటూ లిఫ్ట్ బాగు చేయించకపోవడం మన్నించే విషయం కాదు.

లోపల ఏసీ హాలు, ట్రెడ్‌మిల్లులు, సైకిళ్ళు. ఒక మూల మంచం, దాని పక్కన ఆక్సిజన్ సిలిండరు, గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషీను. అది చూసి కాళ్ళు వణికాయి. ఇప్పుడైతే ఆ మెషీన్ లేని చోటికి వెళ్ళొద్దనే చెబుతాను. మొదట ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు. కారిడార్‌లో అటూ ఇటూ నడవాలి, ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళామో రాసుకుంటారు. తర్వాత తెలుగులో తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేదా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మీరు ఎందుకూ పనికిరారనిపించిందా, చచ్చిపోతే బాగుండుననిపించిందా. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. పదో ఆ పైనో వస్తే సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. నాకు 14 వచ్చింది. గుండెకి ఎన్నో పరీక్షలు చేశారు గానీ మనసుకి అంకె వేసింది మాత్రం ఇక్కడే. ఆ అంకె చూసి నాకు ఊరటగానే అనిపించింది. బీపీని కొలిచినట్టే దీన్నీ కొలుస్తారన్నమాట, అయితే తగ్గించే దారి కూడా ఉండి ఉంటుంది అనుకున్నాను.

గుండెపోటు వచ్చినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని సైకాలజిస్టు చెప్పింది. గుండెపోటు తర్వాత ముప్పు పెంచే కారణాల్లో డిప్రెషన్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణులు 2014లోనే చెప్పారట. మరి మన డిశ్చార్జి కాగితాల్లోకి అదెప్పుడు వస్తుందో.

నాకు ఎక్కువ మేలు చేసింది ట్రెడ్‌మిల్. వినడానికి వింతగా ఉంటుంది, భయానికి ట్రెడ్‌మిల్ ఏమిటని. ఛాతీకి వైర్లు అంటించి నడిపిస్తారు, గుండె గీతలు గోడ మీద తెరలో కనిపిస్తుంటాయి. ఫిజియోథెరపిస్టు అమ్మాయి పక్కనే నిలబడి "ఆంటీ, ఇప్పుడు ఎంత కష్టంగా ఉంది?" అని అడుగుతుంది. గోడ మీద 6 నుంచి 20 దాకా అంకెలున్న చార్టు ఉంటుంది, 11, 12, 13 దగ్గర ఉండేలా నడవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వాళ్ళ కొలత. నా గుండె 108 దాకా కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నాకేమీ కాలేదు. దిగి కూర్చుంటే అదే తగ్గింది. గుండె వేగంగా కొట్టుకున్నంత మాత్రాన అది ఎటాక్ కాదు అని మావారూ మా అబ్బాయీ ఎంత చెప్పినా ఎక్కనిది, తెర మీద చూశాక ఎక్కింది. ధైర్యంగా ఉండు అనే మాట నాకు ఎవరు చెప్పినా ఒళ్ళు మండేది. ఈ అమ్మాయి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు, స్పీడ్ కొంచెం పెంచేది అంతే.

సైకాలజిస్టు గుంటూరు నుంచి వస్తుంది, వారానికి రెండు రోజులే ఉంటుంది. ఓపిక ఉన్న మనిషి. ఆమె ఇచ్చిన పనులు చిన్నవి. ఆక్సిమీటర్ బీరువాలో పెట్టించి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మాత్రమే చూసుకోమంది, తర్వాత అదీ తగ్గించింది. బాత్రూమ్ విషయంలో మొదట మావారిని గుమ్మం దగ్గర నుంచి హాల్లోకి పంపించింది. తర్వాత తలుపు దగ్గరగా వేసుకోమంది. ఆ తర్వాత గడియ. ఒక్కో మెట్టుకీ ముందు భయం ఎంతుందో పదికి మార్కులేసుకోవాలి, అయ్యాక మళ్ళీ వేసుకోవాలి. ఒక రోజు మావారిని కూడా కూర్చోబెట్టింది. నాకంటే ఆయన భయపడుతున్నారని ఆ గదిలోనే బయటపడింది. రాత్రిళ్ళు నా ఊపిరి వినడం కోసం మేలుకునే ఉంటున్నారట. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

టెన్షన్‌తో వచ్చే గుండెదడకీ నిజంగా వచ్చే ఎటాక్‌కీ తేడా చెప్పమని అడిగాను. ఆమె నిజం చెప్పింది: ఇంట్లో కూర్చుని ఖాయంగా తేల్చుకోలేరు, తేల్చుకోవద్దు కూడా. డాక్టర్ గారితో సంతకం చేయించి ఒక కాగితం ఇచ్చింది. ఛాతీలో బరువు, నొక్కుతున్నట్టు నొప్పి, చెమటలు, నొప్పి దవడకో చేతికో పాకడం ఉంటే కూర్చోవాలి, డాక్టర్ రాసిచ్చిన సార్బిట్రేట్ బిళ్ళ నాలుక కింద పెట్టుకోవాలి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. ఊరికే వెళ్ళి ఈసీజీ తీయించుకుని వచ్చినా సిగ్గుపడక్కర్లేదంది. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఏం చెయ్యాలో ఎదురుగా రాసి ఉంటే రాత్రి రెండింటికి బుర్ర అటూ ఇటూ పరిగెత్తదు.

ఇంకో మాట కూడా సూటిగానే అడిగాను. "ఈ మాటల వైద్యంతో మళ్ళీ ఎటాక్ రాకుండా ఉంటుందా అమ్మా?" "ఆ హామీ ఇవ్వలేనండీ" అంది. అమెరికాలో చేసిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు 2003లో వచ్చాయట. కౌన్సెలింగ్‌తో దిగులు తగ్గింది గానీ మరణాలూ మళ్ళీ వచ్చే ఎటాక్‌లూ తగ్గలేదట. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు తగ్గిస్తుందని తేలింది వ్యాయామంతో కూడిన రిహాబ్ అట. దిగులు తగ్గితే ఆ నడకకి రోజూ వస్తారు, మందులు మానరు, అందుకే ఇది అంది. అవసరమైతే గుండె జబ్బువాళ్ళకి పనికొచ్చే డిప్రెషన్ మందులూ ఉన్నాయని, అవి సైకియాట్రిస్టు రాయాలని చెప్పింది. నాకు అవసరం పడలేదు. లేనిపోని ఆశలు అమ్మకపోవడం వల్లే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

అయితే ఆమె గది తలుపు సరిగ్గా పడదు. లోపల ఏడిస్తే బయట వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి వినిపిస్తుంది. కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడాను. కౌన్సెలింగ్ గదికి తలుపు కంటే ముఖ్యమైన సామాను ఏముంటుంది?

శనివారం సాయంత్రం పేషెంట్లందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నా దృష్టిలో డబ్బుకి పూర్తిగా గిట్టుబాటైంది ఇదే. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు బాబాయిగారు ఒకరు వచ్చేవారు. "బస్సు నిండా జనాన్ని మోసినవాణ్ణి, ఇప్పుడు మా కోడలు స్కూటర్ తాళం ఇవ్వదు" అంటూ నవ్వించేవారు, ఆ నవ్వులోనే గొంతు జీరపోయేది. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఆయనకి ఫోన్ మోగితే చాలు చెమటలు పట్టేవి, ఎటాక్ వచ్చినప్పుడు చేతిలో ఫోనే ఉందట. కానూరు అబ్బాయికి 38 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్. కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడట. డాక్టర్ వద్దన్నారా అని బాబాయిగారు అడిగితే, లేదు, భయం అన్నాడు. తర్వాతి శనివారం ఆ పాపని వెంట తెచ్చాడు. లోపలికి వచ్చేటప్పుడు ఎత్తుకునే వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు, బాబాయిగారు మాత్రం కుర్చీ జరిపారు.

భార్యాభర్తల విషయం కూడా అక్కడే వచ్చింది, అడిగింది మగవాళ్ళే. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు ఎక్కగలిగినవాళ్ళు మామూలుగా భయపడక్కర్లేదని, సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్ళు వయాగ్రా జోలికి పోతే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందని చెప్పారు. నేను తల వంచుకుని విన్నాను, పనికొచ్చింది. ఆ గుంపులో ఆడవాళ్ళం ఇద్దరమే. మాకు వేరేగా ఒక గంట పెడితే అడగాల్సినవి ఇంకా ఉన్నాయి: ముట్లు ఆగే వయసులో వచ్చే దడ, వేడి ఆవిర్లు, వాటిని గుండె నుంచి వేరు చేసుకోవడం. రెండుసార్లు చెప్పినా పెట్టలేదు.

డైట్ చార్టు సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఓట్స్, బ్రకోలీ, ఆలివ్ నూనె. విజయవాడలో ఎండాకాలం, ఇంట్లో ఆవకాయ కలుపుతున్న రోజులు! ఆవకాయలో ఉప్పెంత, వారానికి ఎంత తినొచ్చు, తినకూడదా, అది చెప్పండి ముందు. ఆ కాగితం ఎక్కడినుంచో దించినదే.

ఖర్చు: వ్యాయామానికి సెషన్‌కి 500, సైకాలజిస్టుకి 800. నాకు ఇన్సూరెన్సు ఇవ్వలేదు, చేతి డబ్బే పెట్టాను. వ్యాయామానికి ఉదయం ఏడు నుంచి పది వరకే టైము. షాపు తెరవాల్సినవాళ్ళకి, ఉద్యోగాలకెళ్ళేవాళ్ళకి ఇబ్బంది. మే నెలలో పది దాటాక బయటికొస్తే ఆటో ఎక్కేలోపే చేసిన మంచంతా ఆవిరైపోతుంది.

అంత పెట్టుకోలేనివాళ్ళకి ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ ఉంది, 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సైకాలజిస్టు లేని రోజున ఒక రాత్రి నేనూ చేశాను. అటు మాట్లాడిన అమ్మాయి మొదట ఛాతీ నొప్పి ఉందా అని అడిగి, లేదన్నాకే మిగతా మాటలు మొదలుపెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. గుండె మందుల గురించి అక్కడ అడగకండి, అది వాళ్ళ పని కాదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఫిజియోథెరపిస్టుకీ సైకాలజిస్టుకీ విడిగా వెయ్యమంటే ఐదుకి ఐదు. మీ ఊళ్ళో ఇలాంటిది ఉంటే చేరేముందు ఫోన్ చేసి, నడిపించేటప్పుడు ఈసీజీ పెడతారా, షాక్ మెషీన్ ఉందా, సైకాలజిస్టు వారానికి ఎన్ని రోజులుంటారు, ఇంట్లోవాళ్ళని కూడా కూర్చోబెడతారా అని అడగండి. మీ డాక్టర్ అనుమతి చీటీ లేకుండా చేర్చుకుంటామంటే అక్కడికి వెళ్ళకండి.

నా సెషన్లు అయిపోయాయి. రెండోసారి నింపిన తొమ్మిది ప్రశ్నల కాగితంలో 5 వచ్చింది. పాతవాళ్ళు శనివారం ఊరికే వచ్చి కూర్చోవచ్చు. శ్రావణమాసం జాకెట్లు నెత్తిమీదున్నాయి కాబట్టి ప్రస్తుతం వెళ్ళడం లేదు. కటింగ్ మళ్ళీ నేనే చేస్తున్నాను. దసరా ఆర్డర్లు అయ్యాక వెళ్ళాలి.