బెజవాడ ఎండల్లో పెద్ద ఇంటర్‌కూలర్: 38,000 కిలోమీటర్ల తర్వాత

నా స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ మాన్యువల్ కారుకు కంపెనీ బిగించిన ఇంటర్‌కూలర్‌ను (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజిన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచే భాగాన్ని) తీయించి, దానికి దాదాపు రెట్టింపు మందమున్న అల్యూమినియం ఇంటర్‌కూలర్‌ను పెట్టించి రెండున్నరేళ్లయింది. 180 పీఎస్ శక్తి, 250 ఎన్ఎం టార్క్ ఉన్న ఇంజిన్‌లో మరే మార్పూ చేయించలేదు, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) సాఫ్ట్‌వేర్‌ను మార్పించలేదు (రీమ్యాప్). విడిభాగానికీ కూలీకీ కలిపి 62,000 రూపాయలైంది.

డిసెంబరు ఉదయం చక్కగా దూసుకుపోయే ఈ కారు, మే నెల మధ్యాహ్నం కాజ టోల్‌గేటు దాటి గుంటూరు వైపు వెళ్తూ వరుసగా రెండు మూడు లారీలను దాటేసరికి ఊపు కోల్పోయేది. ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి పంపడానికి టర్బో గాలిని నొక్కినకొద్దీ గాలి వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని 1.8 రెట్ల పీడనానికి నొక్కినప్పుడు, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమనుకుంటే, బయటికొచ్చే గాలి 120 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని పూర్తిగా తీయలేకపోతే గాలి పలచబడటమే కాక, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే పేలడం) రాకుండా ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది కాబట్టి బలం రెండు వైపుల నుంచీ తగ్గుతుంది.

అనుభూతిని నమ్ముకుంటే పెట్టిన డబ్బే మనచేత మంచి మాటలు చెప్పిస్తుంది. అందుకే పాతది విప్పకముందే కొలతలు తీసుకున్నాను. ఏప్రిల్ చివర, బయట 41 డిగ్రీలున్నప్పుడు, వాహనాలు పలచగా ఉన్న ఒకే రోడ్డు ముక్కపై, ఒకే బంకు పెట్రోలుతో, ఏసీ ఆపి, మూడో గేరులో 60 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి నిమిషం విరామంతో నాలుగుసార్లు లాగించాను. గాలివాటం లెక్క తప్పించకుండా ఎదురు దిశలోనూ అంతే చేశాను. కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే ఓబీడీ స్కానర్ అంకెలను పక్క సీట్లోని మిత్రుడు ఫోన్‌లో నమోదు చేశాడు. కొత్తది బిగించాక మళ్లీ 41 డిగ్రీల ఎండ కాసే రోజు కోసం ఆగి, అదే పరీక్ష అక్కడే చేశాం.

పాతదానితో మొదటి పరుగు చివర ఇంజిన్‌లోకి వెళ్లే (ఇన్‌టేక్) గాలి 61 డిగ్రీలు, పట్టిన సమయం 5.0 సెకన్లు. నాలుగో పరుగుకు గాలి 79 డిగ్రీలకు చేరి, సమయం 5.5 సెకన్లయింది. కొత్తదానితో మొదటి పరుగు 53 డిగ్రీలు, 4.9 సెకన్లు; నాలుగోది 56 డిగ్రీలు, 5.0 సెకన్లు. మొదటి పరుగులో కనబడిన తేడా కొలతలోని హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది కనుక దాన్ని లాభంగా లెక్కపెట్టను. అసలు విషయం నాలుగో పరుగులో ఉంది. 79 డిగ్రీల గాలి కంటే 56 డిగ్రీల గాలి సుమారు 7 శాతం చిక్కగా ఉంటుంది, మిగిలిన తేడా స్పార్క్ వెనక్కి పోకపోవడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం. డిసెంబరులో 21 డిగ్రీల ఉదయం కొలిస్తే పాత, కొత్త అంకెల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. మైలేజీ కూడా మారలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడిపోయినప్పుడు ఇది ఏమాత్రం ఉపయోగపడదు. గాలి ఆడనప్పుడు ఎంత పెద్ద ఇంటర్‌కూలరైనా వేడెక్కుతుంది, పైగా బరువెక్కువ కాబట్టి కారు కదిలాక చల్లబడటానికి పాతదానికంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. రేడియేటర్‌కు వెళ్లే గాలికి అడ్డుపడుతుందేమోనని భయపడ్డాను గానీ, నిండు మేలో కూడా కూలెంట్ ఉష్ణోగ్రత పెరగలేదు, ఏసీ చల్లదనం తగ్గలేదు.

బిగించిన మూడో వారంలో చిలకలూరిపేట దాటాక టప్‌మన్న శబ్దం, ఆ వెంటే బుస్సుమనే మోత వచ్చి, ఇంజిన్ లైటు వెలిగి, కారు ఎడ్లబండిలా అయిపోయింది. ఇంటర్‌కూలర్ మూతి నుంచి సిలికాన్ గొట్టం ఊడిపోయింది. మెల్లగా వెనక్కి తెచ్చి, బిగించిన చోటికి కాక ఆటోనగర్‌లో మరో షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రి గొట్టం లోపల వేలు తిప్పి నాకు చూపించారు. వేలికంతా పల్చటి నూనె. టర్బో నుంచి సహజంగా వచ్చే ఆ నూనె పొరను తుడవకుండానే క్లాంపు బిగించారన్నమాట. ఆయన రెండు మూతులనూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఆరనిచ్చి, క్లాంపును అంచు వెనక కూర్చోబెట్టి, గొట్టాల్లోకి గాలి ఎక్కించి సబ్బునీళ్లు పోసి బుడగలు రావడం లేదని చూసుకున్నాకే బంపర్ ఎక్కించారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఊడలేదు.

మొన్న మే నెలలో మళ్లీ కొలిస్తే నాలుగో పరుగు 60 డిగ్రీలు చూపింది. బంపర్ విప్పించి చూస్తే రెక్కల మధ్య దుమ్ము గట్టిపడి ఉంది. తక్కువ ఒత్తిడి నీళ్లతో వెనక నుంచి ముందుకు కడిగించాక తిరిగి 56కు దిగింది.