‘బటర్‌ఫ్లై గార్డెన్ సెట్’ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి

ఐదారు మొక్కలు కలిపి, పైన సీతాకోకచిలుక బొమ్మ అంటించి అమ్మే సెట్లు నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతున్నాయి. లోపల సాధారణంగా ఉండేవి లాంటానా, పెంటాస్, ముద్దబంతి, ముద్దమందారం. మొక్కలు బతుకుతాయి, పూలూ పూస్తాయి. అందుకే నష్టపోయామని చాలామందికి తెలియనే తెలియదు.

సీతాకోకచిలుక తేనె రకరకాల పూల మీద తాగుతుంది. గుడ్లు మాత్రం తన పిల్ల తినే ఆకు మీదే పెడుతుంది. కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుకకు నిమ్మ, కరివేపాకు, మారేడు కావాలి. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, ఎమిగ్రెంట్‌లకు తంగేడు, రేల, క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ. వీటిలో ఒక్కటీ లేని సెట్ ఇల్లు లేని ఊళ్లో హోటల్ పెట్టినట్టే. విదేశీ మొక్కలన్నీ పనికిరానివని కాదు. రణపాల పుట్టిల్లు మడగాస్కర్, అయినా మన రెడ్ పియెరో సీతాకోకచిలుక పిల్ల దాని ఆకులోనే పెరుగుతుంది. లాంటానా సంగతి వేరు. తేనె ఇస్తుంది కానీ పిట్టలు దాని పళ్లు తిని గింజల్ని గట్లకూ అడవులకూ చేరుస్తాయి. ఆకు తింటే పశువులకు విషం.

ముద్ద రకాలు అసలు తీసుకోకండి. ముద్దమందారంలో కేసరాలు రేకులుగా మారిపోయాయి కాబట్టి పుప్పొడి దాదాపు ఉండదు. పువ్వును వేళ్లతో విప్పి చూడండి: రేకమందారానికి మధ్యలో పుప్పొడి కాడ నిటారుగా ఉంటుంది, రేకబంతికి పసుపు దుద్దు కనిపిస్తుంది. అలాంటివే కొనండి.

అన్నిటికన్నా ప్రమాదం పురుగుమందు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి వేరు నుంచి ఆకుకూ, తేనెకూ, పుప్పొడికీ ఎక్కుతాయి. పైన నీళ్లు కొట్టి కడిగితే పోవు. కొన్న మొక్క మీద పిల్ల పురుగులు పుట్టి, నాలుగు కొరుకులు కొరికి రాలిపోతుంటే ముందు దీన్నే అనుమానించండి. ఒక్క కొరుకు కూడా లేకుండా మెరిసిపోయే కరివేపాకు మొక్క కనిపిస్తే “ఏ మందు, ఎప్పుడు వేశారు?” అని అడగండి. జవాబు చెప్పకుండా నీళ్లు నమిలితే వదిలేయండి. ఆ ఆకు కూరలోకీ వద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే తేనెటీగలు దాని మీద వాలకుండా మొగ్గలు తుంచేస్తూ, అవి వచ్చే తులసికి దూరంగా పెట్టండి. నెలకో రెండు నెలలకో మందు పోతుందన్న గ్యారంటీ లేదు.

‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ ప్యాకెట్లలో ఎక్కువగా ఉండేవి పాపీ, కార్న్‌ఫ్లవర్, లార్క్‌స్పర్. ఇవి చలికాలం పంటలు. మన ఎండల్లో చల్లితే డబ్బులు మట్టిలో పోసినట్టే.

టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఉన్నవాళ్లు ఎరుపు-పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ (మొనార్క్ సీతాకోకచిలుక పిల్లలు తినే మొక్క) విషయంలో జాగ్రత్త. చలి తక్కువగా ఉన్న చోట అది ఎండిపోదు. దాంతో ఓఈ అనే పరాన్నజీవి బీజాలు ఆకుల మీద పేరుకుని మొనార్క్‌లకు అంటుకుంటాయి. ఉంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరంగుళాలు ఉంచి కత్తిరిస్తూ ఉండండి. కొత్తగా కొనేవాళ్లు అక్కడి సొంత మొక్క అస్క్లెపియాస్ ట్యూబరోసా అడగండి.

ఇక్కడివాళ్లు తంగేడుతో మొదలుపెట్టండి, అదీ గింజ నుంచి. దాని ఆకు ఎమిగ్రెంట్ పిల్లలకు, పువ్వులో మాత్రం తేనె ఉండదు, పుప్పొడే. తుమ్మెద కేసరాన్ని పట్టుకుని రెక్కల కండరాలతో అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. గింజ పొట్టు గట్టిది కాబట్టి మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి, ఉబ్బినవే జూన్ వానలకు నాటండి. తల్లివేరు లోతుకు పోతుంది, చిన్న కవర్లో ఎక్కువ రోజులు ఉంచకండి.