శుక్రవారం సినిమా, అరవై ఏళ్ల నాటి సినిమా: రెండూ ఒకే తప్పా?

పొద్దున విడుదలైన సినిమా సాయంత్రానికల్లా టెలిగ్రామ్‌లో తేలుతుంది. తెర ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, ఎవరిదో తల అడ్డం, మధ్యమధ్యలో ఈలలు. ఆ లింకు గ్రూపులో పడేయడం ఒకటి. ఎక్కడా దొరకని బ్లాక్ అండ్ వైట్ సినిమాను పాత వీసీడీ నుంచి తీసి నెట్‌లో పెట్టడం ఇంకొకటి.

మొదటిదాన్ని నేను వెనకేసుకురాలేను. టికెట్ రేట్లు మండిపోతున్న మాట నిజమే, కానీ ఓటీటీకి వచ్చేదాకా ఆగొచ్చుగా! 2013లో ‘అత్తారింటికి దారేది’ సగం దాకా ముందే లీకైతే విడుదల తేదీని హడావిడిగా ముందుకు జరిపారు. అది హిట్టయింది సరే, చిన్న సినిమాకి ఆ అదృష్టం ఉంటుందా? 2023 చట్ట సవరణతో హాల్లో దొంగచాటు రికార్డింగుకు కనీస శిక్షే 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా.

రెండోది అంత తేలిగ్గా తేలదు. మన చట్టంలో సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి ‘మాయాబజార్’ గడువు 2017తో తీరింది. పాటల సాహిత్యానికి మాత్రం కవి పోయాక 60 ఏళ్లు. ఆ సినిమాకి పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి 2031 దాకా ఉంటుంది.

ఇక 1970ల సినిమాలకి హక్కు ఉంది, హక్కుదారు ఎవరో కనుక్కోవడమే గగనం. వాటిని పెట్టేవాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాదు. హక్కుదారు వచ్చి అడిగితే తీసేయాలి. యాడ్‌లు పెట్టి డబ్బు చేసుకుంటే మాత్రం వాళ్లూ ఆ టెలిగ్రామ్ బాపతే.